మూత మీద పేరు

దెయ్యాలూ, గాలి సోకడాలూ నేను ఏనాడూ నమ్మలేదు. మాది మూడు తరాలుగా సంఘంలో ఉన్న కుటుంబం. పెంటపాడులో మా చర్చి సండేస్కూలు పిల్లలకి పాఠం చెప్పేది నేనే. పోయినవాళ్ళు తిరిగి రారని, చీకటికి భయపడక్కర్లేదని వాళ్ళకి నేర్పాను. ఇప్పటికీ అదే నేర్పుతున్నాను. నేను చెప్పబోయేదాంట్లో చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరు. చీకటి కూడా లేదు. మిట్టమధ్యాహ్నం, జనంతో కిక్కిరిసిన బస్సులో జరిగింది.

మా చెల్లెలు సువార్తకి తాడేపల్లిగూడెంలో ఒక నర్సింగ్‌హోములో గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. అంతకుముందు స్కానింగులో ఎడమవైపు అండాశయం మీద గడ్డలాంటిది కనిపించింది. అది కేన్సరా కాదా అన్నది తీసిన ముక్కని పరీక్ష చేస్తేగాని తెలియదన్నారు. చెల్లెలికి ఇద్దరు చిన్నపిల్లలు. మా అందరి ప్రాణం ఆ పరీక్ష మీదే ఉంది.

మా వైపు చిన్న ఆసుపత్రుల్లో ఒక పద్ధతి ఉంది. ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు తీసినదాన్ని స్టీలు ట్రేలో పెట్టి బయటికొచ్చి మనకి చూపిస్తారు. తర్వాత ముక్క పాడవకుండా ఫార్మలిన్ పోసిన ప్లాస్టిక్ డబ్బాలో వేసి మన చేతికే ఇస్తారు. ఏలూరులో ల్యాబుకి మనమే పట్టుకెళ్ళాలి. నాకూ అలాగే చూపించారు. చూడలేక చూశాను. ఎడమవైపు ఒకచోట నల్లదారంతో కుట్టు ఉంది. అనుమానం ఉన్నచోట గుర్తు కోసం వేశానని, ల్యాబువాళ్ళు అక్కడ జాగ్రత్తగా చూస్తారని చెప్పారు.

అదే పొద్దున పక్క మంచం ఆవిడకీ అదే ఆపరేషన్ చేశారు. పేరు కాంతమ్మగారు, కొల్లేరు లంకల్లో ఒక ఊరు. భర్త చేపల చెరువుల మీద పనిచేస్తాడు, ఆయన కబుర్లకి వార్డంతా నవ్వేది. ఊరినించి తోడు మనిషి వచ్చాక మర్నాడు పట్టుకెళ్తానని వాళ్ళ డబ్బాని మంచం కింద సంచిలో పెట్టుకున్నాడు. నేను మాత్రం ఆగలేకపోయాను. సువార్త దగ్గర దాని భర్తని, అంటే మా మరిదిని, ఉంచి అప్పుడే బయల్దేరాను.

బస్సులో సీటు దొరికింది. డబ్బా తెల్లది, లోపల ఏముందో కనపడదు. మూత మీద కాగితం అంటించి చెల్లెలి పేరు రాశారు. ఒళ్ళో పెట్టుకున్నాను. పుల్ల అనే ఊరు దాటాక ఇక మనసు పట్టలేక, డబ్బా మీద అరచెయ్యి ఆనించి సువార్త పేరు పెట్టి ప్రార్థన మొదలుపెట్టాను. పైకి కాదు, లోపలే. జవాబు ఏదైనా అది అప్పటికే ఆ ముక్కలో ఉంది కదా, ఇంకా దేనికోసం అడుగుతున్నానని ఒకపక్క అనిపిస్తూనే ఉంది. అయినా ఆపలేదు. రోడ్డు పని జరుగుతోందేమో, బస్సు గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. చేతికింద డబ్బా వెచ్చబడింది. ఎండకనుకున్నాను. భీమడోలు వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి సువార్త మగతగా పడుకునుంది. కాంతమ్మగారు నాకేసే చూస్తున్నారు.

"ఏవండీ, మధ్యాహ్నం నా పొట్ట మీద చెయ్యేసి ప్రార్థన చేసింది మీరేనాండి?"

నేను ఏలూరు వెళ్ళొచ్చానని చెప్పాను. మా మరిది కూడా ఆ మంచం దగ్గరికి ఎవరూ రాలేదన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

"నడుం కింద నా కాళ్ళున్నాయో లేవో కూడా తెలీలేదండి. ఆ చెయ్యి మాత్రం తెలిసింది. కుదురుగా లేదండి అది. బండిలో కూచున్న మనిషి చెయ్యిలాగా ఎగిరెగిరి పడింది."

దానికింకా మత్తు దిగలేదని, ఇందాక తననే మీరెవరండీ అని అడిగిందని ఆవిడ భర్త నవ్వించాడు. నేను నవ్వలేకపోయాను. నర్సుని పక్కకి పిలిచి అడిగితే, నడుముకి మత్తు ఇచ్చారు కాబట్టి ఆ టైములో పొట్ట మీద గిచ్చినా తెలియదంది.

మొదట నాకు తోచింది, ఇది సాతాను మోసమని. వరండాలో అటూ ఇటూ తిరిగాను.  ప్రార్థన చేద్దామంటే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రాత్రంతా ఒకేలా ఉన్న ఆ రెండు తెల్ల డబ్బాలే కళ్ళముందు మెదిలాయి.

మర్నాడు పొద్దున ఆవిడ భర్త సంచి భుజాన వేసుకుని బయల్దేరబోతుంటే వెళ్ళి అడ్డం నిలబడ్డాను. ఒక్కసారి మూత తీయించమని అడిగాను.

"చేపైతే చూసి ఏ చెరువుదో చెప్పేస్తానండి. దీన్ని చూసి మీరేం చెబుతారండి?" అన్నాడు. అన్నాడేగాని, నా మొహం చూసి సంచి ఇచ్చేశాడు.

నర్సు మూత తీసింది. లోపల నల్లదారం కుట్టు ఉంది.

మూత మీద కాంతమ్మగారి పేరు. లోపల ఉన్నది మా చెల్లెలిది. ఒకే బల్ల మీద రెండు డబ్బాలూ తెరిచి ఫార్మలిన్ పోసినప్పుడు మూతలు తారుమారయ్యాయి. పేర్లు మూతలకే అంటించారుగాని డబ్బాలకి కాదు. డాక్టరుగారు అప్పటికప్పుడు ల్యాబుకి ఫోన్ చేశారు. నేను ఇచ్చొచ్చిన డబ్బా తెరిచి చూస్తే అందులో దారం లేదన్నారు.

అంటే బస్సులో నా చెయ్యి ఉన్నది కాంతమ్మగారి ముక్క మీద.

రిపోర్టులు వచ్చాయి. కాంతమ్మగారిదాంట్లో ఏ దోషమూ లేదు. సువార్తది కేన్సరే. ఇంకా పాకలేదు కాబట్టి ఇంజెక్షన్లతో సరిపోయింది. జుట్టంతా ఊడి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పిల్లల్ని కేకలేసేంత ఓపికతో ఉంది. ఆ మూతలు అలాగే ఉండిపోతే, జబ్బులేని ఆవిడకి ఆ ఇంజెక్షన్లు పడేవి. మా చెల్లెలు సంతోషంగా ఇంటికొచ్చేది. ఆ తర్వాతది తలచుకోలేను.

డ్రెస్సింగ్ చూడ్డానికి ఎవరో నర్సు చెయ్యి వేసుంటుందని డాక్టరుగారు అంటారు. అయ్యుండొచ్చు. కానీ ఆ ఎగిరెగిరి పడటం గురించి నేను ఎవరికీ చెప్పలేదు, ఆవిడే నాకు చెప్పారు.

మా చర్చిలో దీన్ని సాక్ష్యంగా చెప్పమంటారు. రెండుసార్లు లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాను. చెల్లెలి ప్రాణం నిలబడింది, అది దేవుని కృప, అందులో నాకు సందేహం లేదు. కానీ నేను పేరు పెట్టి అడిగాను. మనుషులు మూత చూసి పొరబడతారు. దేవుడు పొరబడడు. మరి ఆ చెయ్యి ఆవిడకి ఎందుకు తగిలిందో, ఎలా తగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు కూడా మా వాళ్ళు రోగుల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చెయ్యమని నన్ను పిలుస్తారు. వెళ్తాను. ప్రార్థన చేస్తాను. చేతులు మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంటాను.