బూడిదతో తోమిన వెండి డాలరు

"నా డబ్బా తోమకే," అన్నాడు మా తాతయ్య, ఆస్పత్రి మంచం మీద. "తోమనులే తాతయ్యా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మా మధ్య అవే ఆఖరి మాటలు. ఆ నవ్వెందుకో చెబుతాను, నువ్వు రాసుకో తల్లీ. నాకు బడి అబ్బలేదు, అక్షరాలు కుదురుగా రావు. మీ బాబాయి పోయిన దగ్గర్నుంచి గొంతు కూడా ఇలా బొంగురుపోయింది.

నా చిన్నప్పుడు, ఫిజీ నుంచి ఈ దేశం వచ్చి సన్నీబ్యాంక్ అనే పేటలో అద్దెకు దిగిన కొత్తలో, నాకు తొమ్మిదేళ్ళు. తాతయ్య దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. రొట్టెల కొట్టువాళ్ళూ పాలవాళ్ళూ తమ పేరు నలుగురికీ తెలియాలని పంచిన ఇత్తడి బిళ్ళలు అందులో ఉండేవి. అన్నిటికీ పైన, గుడ్డలో చుట్టి, ఒక వెండి డాలరు. ఏదో ఊరికి నూరేళ్ళు నిండాయని ఒక కంపెనీ సొంతంగా చేయించిన బిళ్ళ అది. పేరుకే డాలరు, కొట్లో చెల్లదు. పాతబడి నల్లగా, అంచుల్లో నీలంగా ఉండేది.

ఆదివారం సంతలో బిళ్ళలమ్మే తెల్లాయన దగ్గర తాతయ్యకు తన నాన్న బిళ్ళ కనబడింది. మా ముత్తాత ఫిజీలో చెరకు తోటల పక్కన టీ కొట్టు పెట్టి, తన పేరు కొట్టించి పంచిన బిళ్ళ. అదిస్తే ఒక టీ పోసేవాడట. ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు, ముత్తాత ఫొటో అయినా లేదు. వెండి డాలరు తెస్తే దానికి బదులుగా ఆ టీ బిళ్ళ ఇస్తానన్నాడు తెల్లాయన. ఆ వారమంతా తాతయ్య అన్నం తింటూ కూడా ఆ మాటే చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేను డబ్బా తెరిచాను. దీపావళికి ముందు మా అమ్మ వెండి గిన్నెలు చింతపండూ బూడిదా పెట్టి తోమేది. నల్లబడ్డ వెండిని పరాయివాళ్ళ చేతిలో పెడతామా? పెరట్లో మాంసం కాల్చే బార్బెక్యూ పొయ్యిలోంచి బూడిద తీసి చెయ్యి నొప్పి పుట్టేదాకా తోమాను. అద్దంలా మెరిసింది. తాతయ్య మురిసిపోతాడని మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేశాను.

సంతలో గుడ్డ విప్పగానే తాతయ్య చెయ్యి ఆగిపోయింది. తెల్లాయన భూతద్దం పెట్టి చూశాడు. నిండా గీతలే. ఎవరో తోమేశారు, ఇక దీనికి విలువ లేదు, నాకొద్దు అన్నాడు. తాతయ్య నావైపు చూశాడు. నా గోళ్ళలో ఇంకా బూడిద ఉంది.

"నేనే తోమాను," అన్నాడు ఆయనతో.

ఇన్నేళ్ళు పోగేసి ఇంతమాత్రం తెలియదా అని తెల్లాయన నవ్వాడు. పక్క బల్లవాళ్ళూ నవ్వారు. తాతయ్య తల వంచుకుని, ఆ టీ బిళ్ళ ఒక్కసారి పట్టుకోనివ్వమని అడిగి, నా అరచేతిలో పెట్టాడు. "తడుము. మీ ముత్తాత పేరు," అన్నాడు. తడిమి ఇచ్చేశాను. మళ్ళీ ఆదివారానికి అది ఎవరో కొనుక్కుపోయారు.

ఇంటికొచ్చే బస్సులో ఒక్క మాటే అన్నాడు. "మురికి వేరు, వయసు వేరు. ఇంకోసారి తోమేముందు అడగవే పిల్లా." ఆ తర్వాత నేను చెంచా ముట్టుకున్నా "తోమకే" అని ఆటపట్టించేవాడు.

మొన్న మీ బాబాయి టోపీకి చెమట మరకుందని నువ్వు ఉతకబోతే లాక్కున్నది అందుకే తల్లీ. ఆ డాలరు తాతయ్య నాకే ఇచ్చాడు. నేను మళ్ళీ తోమలేదు. అంచుల్లో ఆ నీలం ఇప్పుడిప్పుడే తిరిగొస్తోంది.

ఏదీ, మొదట్నుంచి ఒకసారి చదువు. తాతయ్య "నేనే తోమాను" అన్నాడే, ఆ మాట రాశావో లేదో వినాలి.