గిన్నె కింది పుస్తకం

బేగంబజార్‌లో స్టీలు గిన్నెలమ్మే రాఘవకు మాయలూ మంత్రాలూ ఉన్న కథలంటే పిచ్చి. కుక్కర్ కొనడానికి వచ్చినవాళ్ల చేతిలో కూడా, చొక్కా అంచుతో అట్ట తుడిచి మరీ, ఓ సన్నటి పుస్తకం పెడతాడు. చదవకుండానే ‘బాగుంది’ అనేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మండిపోతుంది. మొన్న ఆదివారం మాదన్నపేటలో బావమరిది సాయికుమార్ ఇంట్లో భోజనానికి కూర్చుంటే, తనిచ్చిన నవలిక పొగలు కక్కుతున్న పప్పుగిన్నె కింద కనిపించింది.

“చదివినవా?”

“చదివిన బావా. కథలన్నీ మస్తున్నయ్,” అంటూ సాయికుమార్ గరిటె ముంచాడు.

“అండ్ల ఉన్నది ఒక్కటే కథ.”

రాఘవ గిన్నె ఎత్తి నేల మీద పెట్టాడు. వేడికి ఉబ్బిన అట్టను అరచేత్తో తుడిచి, ముద్ద ముట్టకుండా లేచిపోయాడు. మర్నాడు దుకాణం నుంచి గిన్నె కింద పెట్టుకునే స్టీలు స్టాండు తెచ్చి భార్య చేతికిచ్చాడు.

“మీ తమ్మునికియ్యి. గిది చదివే పనిలేదు.”