కాయని చెట్టుకు పూచీ

నా చిన్నప్పుడు, ఆ పొద్దు కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పాలు పోసే ఆయన. చెంబులోకి పాలు కొలుస్తూ, మా అవ్వ ముఖం వైపు చూడకుండానే, పక్కింట్లో ఈ పొద్దు బేరి చెట్టును బెదిరిస్తారంట, అయితే ఈసారి ఉత్తుత్తి బెదిరింపు కాదంట, గొడ్డలి నిన్ననే సాన పట్టించి పెట్టినారంట అని చెప్పాడు. చెప్పి, చెంబు గడప మీద పెట్టకుండా ఆమె చేతికే ఇచ్చి, "నువ్వు పోయి చూడు పెద్దమ్మా. నేను పోతే ఆయప్ప నన్నూ కొడతాడు" అన్నాడు.

కోలారు బంగారు గనుల దగ్గర, గని వాళ్ళ లైను ఇళ్ళు అయిపోయిన చోట మా ఇల్లు. పక్కన నేను అక్కా అని పిలిచే ఆమె అత్తవారిల్లు. రెండు పెరళ్ళకూ మధ్య నడుమెత్తు మట్టి గోడ. భూమి లోపల మందు పేల్చినప్పుడల్లా మా గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ అదురుకు పుట్టినప్పటి నుంచీ అలవాటు పడ్డాను. ఆ గోడ అవతల నుంచి వచ్చే శబ్దాలకు మాత్రం ఎప్పుడూ అలవాటు పడలేదు. ముందు ఏదో గిన్నె విసిరిన చప్పుడు, తర్వాత ఒంటి మీద దెబ్బ పడిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ వినిపించేది కాదు. అక్క ఏడ్చేది కాదు. ఏడిస్తే మొగుడు ఇంకా కొడతాడని నోట్లో కొంగు కుక్కుకునేది. మర్నాడు బావి దగ్గర నీళ్ళు చేదుతూ, ఉబ్బిన కంటితోనే నన్ను చూసి నవ్వేది.

కాయని చెట్టును బెదిరించడం మా వైపు పాత ఆచారం. శివరాత్రికి ముందు, పూత రాబోయే రోజుల్లో, ఇంటాయన గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి చెట్టు ముందు నిలబడి, ఇది కాయలా, నరికేస్తా అంటాడు. రెండో మనిషి అడ్డం వచ్చి, ఈ ఒక్క ఏడు ఆగప్పా, తప్పకుండా కాస్తాది, నాది పూచీ అని బతిమాలుకోవాలి. అప్పుడు గొడ్డలి దించి, చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, అందరూ నవ్వుకుంటూ ఇంట్లోకి పోతారు. పూచీ మాట పలికాక దెబ్బ వేయకూడదు. వేస్తే ఆ ఇంటి మనిషీ, అతనితో గనిలోకి దిగినవాళ్ళూ పైకి రారని మా వీధి నమ్మకం. కిందటేడు ఆ చెట్టుకు పూచీ పడింది అక్కే. ఏడు గడిచింది. చెట్టు పూసింది, పూత రాలింది, ఒక్క పిందె నిలవలేదు. అక్క కడుపూ పండలేదు. వాళ్ళ అత్త కొడుక్కు బైరకూరు వైపు ఇంకో పిల్లను చూసి వచ్చింది.

చెట్టుకూ అక్కకూ ముడి ఏమిటో చెప్పాలి. అక్క వాళ్ళ నాయన బంగారుపేట అవతల ఒక బంగళా తోటలో పని చేసేవాడు. కూతుర్ని అత్తవారింటికి పంపేటప్పుడు పియర్ అంటారే, ఆ బేరి మొక్కలు రెండు గోనెలో చుట్టి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఒకటి గట్టి బేరి, కొరికితే ఇసుక నమిలినట్టు ఉండి, ఉప్పు కారం అద్దుకుంటే బాగుండేది. ఇంకొకటి మెత్త బేరి, పచ్చిగా కోసి గడ్డిలో మాగబెడితే వెన్నలా కరిగేది. బేరి చెట్టు ఒంటరిగా ఉంటే కాయదనీ, పక్కన వేరే రకం పూస్తేనే పిందె పడుతుందనీ చెప్పి మరీ పంపాడు. గడప దగ్గర కోడలి ఒళ్ళో జంట మొక్కలు చూసి అత్త గుండె గుభేలుమంది. కొత్త కోడలు రెండు చెట్లతో ఇంట్లోకి వస్తే ఇంటికి ఇద్దరు పెళ్ళాలు వస్తారని ఆమెకు ఎవరో చెప్పి ఉన్నారు. మెత్త బేరిని పెరికి వీధిలోకి విసిరేసింది. ఎండలో అది అక్కడే మాడిపోయింది. ఆ తర్వాత అక్క రెండో మొక్క కావాలని ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు దెబ్బలు తింది. ఉన్న గొడ్డు చాలదా, ఇంకోటి కావాల్నా అనేది అత్త. కోడలూ చెట్టూ ఒకే పొద్దు వచ్చినాయి, రెండూ ఒకే గొడ్డు జాతి అని వీధి కుళాయి దగ్గర అందరికీ చెప్పేది.

పాలాయన మాట వినగానే మా అవ్వ చెంబు నా చేతిలో పెట్టింది. మా నాయన అప్పటికే పొద్దుటి షిఫ్టుకు దిగిపోయాడు. నేను బడికి పోయే పిల్లను కాను, అవ్వ దగ్గరే అక్షరాలు నేర్చుకునేదాన్ని కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. పాలు ఒలికిపోతున్నా చూసుకోకుండా ఆమె వెనకే పరిగెత్తాను.

రాత్రి షిఫ్టు నుంచి తిరిగొస్తూ సారాయి తాగి ఉన్నాడు పక్కింటాయన. మేము గోడ చేరేటప్పటికే చెట్టు మొదట్లో తెల్లటి గాయం కనిపిస్తోంది, చెక్కలు నేలంతా పడి ఉన్నాయి. అక్క చెట్టును రెండు చేతులా కావలించుకుని ఉంది. ఆమెను ఈడ్చడానికి జుట్టు పట్టుకుని లాగాడు, కుచ్చు ఊడి చేతికి వచ్చింది. గొడ్డలి కామతో వీపు మీద మోదాడు. గాజులు పగిలి మోచేతి నుంచి రక్తం బెరడు మీదకు కారింది. అయినా ఆమె చేతులు విడవలేదు. వాళ్ళ అత్త గడపలో నిలబడి, చెట్టుతోపాటే నరుకు, పీడ పోతాది అంది. ఆ మాట నా చెవులతో విన్నాను.

మా అవ్వ ముసలిది, సన్నగా ఉండేది. గోడ ఎలా దాటిందో నేను చూడలేదు. చూసేటప్పటికి చెట్టుకూ గొడ్డలికీ మధ్య ఉంది. గొంతు పెంచకుండా, దేవుడి దగ్గర చెప్పినట్టు చెప్పింది.

"ఈ ఒక్క ఏడు ఆగప్పా. కాస్తాది. నాది పూచీ."

వీధిలో జనం అప్పటికే పోగయ్యారు. ఆ మాట అందరూ విన్నారు. అతనూ విన్నాడు. ఒక క్షణం గొడ్డలి కిందికి దిగింది కూడా. అప్పుడు గడపలోంచి అత్త, "ఏమిరా, ముసల్దానికి భయపడితివా" అని నవ్వింది. గొడ్డలి మళ్ళీ లేచింది. అక్క చేతుల మీద పడవలసిన దెబ్బకు మా అవ్వ ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ తెగి, గొడ్డలితోపాటు బెరడులో ఇరుక్కున్నాయి. అవ్వ అరవలేదు. ఆమె ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు అయిపోయింది.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నా కలల్లోకి వస్తుంది. షిఫ్టు దిగి వస్తున్న మగవాళ్ళు గోడ దూకారు. అతన్ని నేల మీదకు తోసి, గనిలో తొడిగే మేకుల బూట్లతోనే కడుపులో తన్నారు. ఒకడు రాయి తీసుకుని అతని పళ్ళ మీద కొట్టాడు. ఇంకొకడు చెయ్యి వెనక్కి విరిచాడు, ఎండు కొమ్మ విరిగినట్టు వినిపించింది. అంతవరకూ కొడుకును ఎగదోసిన అత్త మట్టిలో పడి అందరి కాళ్ళూ పట్టుకుంది. నేను గోడ పట్టుకుని చూస్తూ, వాళ్ళు న్యాయం చేస్తున్నారని అనుకున్నాను. పెద్దదాన్ని అయ్యాకే అర్థమైంది. ఇన్నేళ్ళు అక్క ఒంటి మీద దెబ్బలు పడుతుంటే ఒక్కడూ దాటని గోడ అది. పూచీ మాట తప్పితే తామూ గనిలో చస్తామన్న భయంతో దాటారు.

రక్తం కారే చెయ్యిని కొంగులో చుట్టుకుని, అవ్వే వాళ్ళను ఆపింది. "సాలప్పా, విడవండి. వీడు చస్తే అది కూడా ఈ పిల్ల నెత్తినే వేస్తారు" అంది. వాళ్ళు విడిచారు.

అక్కను పట్టుకుని మా ఇంటి వైపు నడుస్తుంటే అత్త లేచి దారికి అడ్డం వచ్చింది. ఆ ఏడుపులోనే, చెట్టుకి పూచీ పడినావు సరే, మా కోడల్ని తీసుకుపోయేదానికి నువ్వెవరు అని అడిగింది. వీధి అంతా వింటోంది.

"నువ్వే కదమ్మా కుళాయి కాడ అందరికీ చెప్పింది, ఇద్దరూ ఒకే పొద్దు వచ్చినారు, ఒకే జాతి అని" అంది అవ్వ. "దానికి పూచీ అంటే దీనికీ పూచీనే. చెట్టు కాసేదాకా ఈ పిల్ల నా ఇంట్లో ఉంటాది."

ఎవరో ఒకరు అవును అన్నారు. తర్వాత అందరూ అన్నారు. తన నోటి మాటే కాబట్టి అత్త దారి వదిలి పక్కకు జరిగింది.

ఆసుపత్రి నుంచి అవ్వ మూడు వేళ్ళ చేత్తో తిరిగి వచ్చింది. వచ్చిన మర్నాడే అక్కతో కలిసి పేడా ఎర్రమట్టీ పిసికి చెట్టు గాయం నిండా మెత్తి, పాత చీర పేలికతో కట్టు కట్టించింది. చెట్టు బతుకుతుందో లేదో ఎవరికీ తెలియదు. కానీ గాయపడ్డ చెట్లు కొన్ని చచ్చేముందు విరగబూస్తాయంటారే, అలా పూసింది, ఆకు కనిపించనంత తెల్లగా. అప్పుడు అక్క తన నాయనకు కబురు పంపింది. ఆయన బంగళా తోటలోంచి మెత్త బేరి పూల కొమ్మలు కోసి, తడి గోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. ముంతలంత చిన్న కుండల్లో నీళ్ళు పోసి, ఆ కొమ్మలు పెట్టి, గోడ దాటి పోయి చెట్టు కొమ్మలకు వేలాడదీశారు. తేనెటీగలు ఈ పూల మీదా ఆ పూల మీదా తిరుగుతూ మిగతా పని చేసుకున్నాయి. నాకు అది పెళ్ళి పందిరిలాగా కనిపించింది.

విరిగిన చెయ్యి మెడకు కట్టుకున్న పక్కింటాయన రెండో చేత్తో రాళ్ళు విసిరి కుండలు పగలగొట్టాడు. అక్క మళ్ళీ కట్టింది. మళ్ళీ పగలగొట్టాడు. ఒక రాయి ఆమె నుదుటికి తగిలింది. ఆమె రక్తం తుడుచుకుని, చెట్టు కిందే చాప వేసుకుని, పూత రాలేవరకూ అక్కడ కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పిందె పడ్డాక చీమలు ఎక్కకుండా మొదలుకు బూడిద ఎలా చల్లాలో, ఒక గుత్తిలో ఎక్కువ కాయలుంటే కొన్ని గిల్లేయకపోతే మిగతావి ఎందుకు ఎదగవో చెప్పేది. నిజానికి నాకు చెట్ల పని వచ్చింది ఆ రాళ్ళ మధ్యే.

ఆ వానాకాలం చెట్టు కాసింది. బుట్టలు నిండలేదు. చిలకలు కొట్టినవి పోగా ఒక చేటకు వచ్చాయి. అంతే చాలు. చెట్టు కాసిందన్న మాట వీధి చివరిదాకా పోయింది, మర్నాడు అత్త పసుపు కుంకుమ పళ్ళెంతో మా గడప ముందు నిలబడింది. చెట్టు కాసింది కాబట్టి పూచీ తీరిపోయింది, పిల్లను పంపించు అంది. బైరకూరు వాళ్ళు ఆ గొడ్డలి సంగతి విని పిల్లను ఇచ్చేది లేదన్నారని మాకు అప్పటికే తెలుసు.

ఆచారం ప్రకారం ఆమె చెప్పింది నిజమే. అవ్వ దగ్గర ఇంక అడ్డం పెట్టడానికి మాట లేదు. ఆమె అక్క వైపు తిరిగి, "నువ్వేమంటావే?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న అక్కను ఎవరైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

అక్క ఈలపీట ముందు కూర్చుని బేరికాయ కోస్తోంది. ఒక ముక్క తీసి అత్త చేతిలో పెట్టింది.

"తినత్తా. ఇది కాసేదానికి పక్కన ఇంగొక చెట్టు కావాల్సి ఉన్నింది. దాన్ని నువ్వే పారేసినావు. నింద మాత్రం దీని మీద వేస్తిరి. నేను రాను."

అత్త ఆ ముక్కను తినలేదు, పారేయలేదు. చేతిలోనే పట్టుకుని, గోడ పక్కగా కాకుండా వీధంతా చుట్టి ఇంటికి పోయింది. అక్క కొన్నాళ్ళకు వాళ్ళ నాయన దగ్గరికి పోయి, అంట్లు కట్టడం నేర్చుకుని, చాలా తోటలకు బేరి మొక్కలు ఇచ్చింది. ఎవరికి ఇచ్చినా రెండు రకాలూ కలిపే ఇచ్చేది. తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారా అని ఈ సంగతి విన్న ప్రతివాళ్ళూ నన్ను అడుగుతారు. మా అవ్వ ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పను.

చెట్టు కాస్తుందని నీకు ముందే తెలుసా అవ్వా అని ఒకసారి అడిగాను. ఆ మూడు వేళ్ళతో పలక పట్టుకుని నాకు అక్షరాలు దిద్దిస్తోంది అప్పుడు. "తెలిసినదానికి పూచీ ఎందుకే" అంది. "తెలీనప్పుడే కదా మనిషి కావాల్సింది."

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. మా ఇంటి వెనక రెండు రకాల బేరి చెట్లు ఉన్నాయి, పక్కపక్కనే. రోజూ దీపం పెట్టి, ఈ కళ్ళకు ఆ అవ్వను చూపించినందుకు స్వామికి దండం పెట్టుకుంటాను. మా పక్క గదుల్లో కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీకి పోయే జంటలు అద్దెకుంటారు. నిరుడు ఒక సాయంత్రం అక్కడ గిన్నె విసిరిన చప్పుడు వినిపించింది. మోకాళ్ళ నొప్పులు, వాళ్ళ ఇంటి సంగతి మనకెందుకని మా వాళ్ళు అంటూనే ఉన్నారు. చెప్పులు కూడా వేసుకోలేదు, పోయి తలుపు కొట్టాను. ఏం మాట్లాడాలో తెలియకుండానే పోయాను. తలుపు తీసేదాకా కొడుతూనే ఉన్నాను. ఆ జంటలోని పిల్ల ఆ రాత్రి మా ఇంట్లో పడుకుంది.

మిమ్మల్ని ఒక్కటే కోరుకుంటున్నాను. గోడ అవతల ఎవరో కొడుతున్న చప్పుడు వినిపించినప్పుడు, టీవీ సౌండు పెంచేముందు, మా అవ్వను ఒక్కసారి తలచుకోండి.