వాసనొస్తున్నదా?

మా దగ్గర తలనొప్పికి ఎవరూ కారణం వెతకరు. దాని పేరు కంపెనీ వాసన, అంతే. సాయంత్రం గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగిందంటే ఇంద్రేశంలో మా వీధి వీధంతా టపటపా కిటికీలు మూసుకుంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు మీద స్పిరిట్ పోసినట్టుంటుంది ఆ కంపు. పిల్లలు హోంవర్క్ చెయ్యకపోయినా, ఇంట్లో వంట కాకపోయినా అదే సాకు. "కంపెనీ తలనొప్పి" అన్నారంటే ఇక్కడ ఎదురు ప్రశ్న ఉండదు. బామ్ రాసుకుని పడుకుంటే పొద్దునకు పోతుంది.

అందుకే నాకు ఆ తలనొప్పి వచ్చిన రోజు ఎవరూ కంగారుపడలేదు. నేనూ పడలేదు.

మెయిన్ రోడ్డు మీద మాదొక చిన్న కర్రీ పాయింట్. షిఫ్టు దిగిన కార్మికులు కూర, పప్పు, సాంబారు కవర్లలో కట్టించుకుని పోతారు. ఆ సాయంత్రం బెండకాయ పులుసు కలుపుతున్నాను. మెడ వెనక రోకలితో పొడిచినట్టు ఒక్క పోటు. మెల్లగా మొదలై పెరగడం లాంటిదేం లేదు, ఒక్కసారే తలంతా నిండిపోయింది. గరిటె చేతిలోంచి జారి పులుసులో మునిగింది. మా ఆయన అప్పుడే తన డ్యూటీ దిగి వచ్చి కూరలు కవర్లలో కడుతున్నాడు.

"ఏమైందే?"

"తల పగుల్తున్నదయ్యా."

"కంపెనీ వాసనే. పోయి జెర పండుకో. నేను సూసుకుంట తియ్."

గోడలు పట్టుకుని ఇంటికి నడిచాను. వాంతులయ్యాయి. మెడ కర్రలా బిగుసుకుపోయింది. మా ఆయన పోయి కంపెనీ తలనొప్పి అనగానే మందుల షాపతను ఇంకేమీ అడక్కుండా గోలీ ఇచ్చాడట. అది మింగి, మళ్ళీ కక్కి, తెల్లారేదాకా అలాగే పడి ఉన్నాను.

పొద్దున పై వాటాలో ఉండే ఆపా పాల ప్యాకెట్లు ఇవ్వడానికి వచ్చింది. ప్యాకెట్లు అందుకో అంటే నేను "గొడుగు తడిసింది" అన్నానట. ఆపా నా మొహం చూసి మా ఆయన మీద విరుచుకుపడింది.

"అరే, క్యా కర్రా రే తూ! గిది వాసన తలనొప్పి కాదు. జల్దీ పెద్ద దవాఖానకు తీస్కపో. మనిషి పోతది!"

మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లిందన్నారు. పుర్రె తెరిచి క్లిప్పు పెట్టారు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని డాక్టరు కేకలేస్తే మా ఆయన చేతులు కట్టుకుని "కంపెనీ వాసన అనుకున్నం సార్" అన్నాడట. "ఏ కంపెనీ?" అని అడిగాడట ఆ డాక్టరు. సిటీలో ఉండేవాడికి ఏం తెలుస్తుంది లెండి మా భాగోతం!

బతికాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అదృష్టవంతురాలివన్నారు. ఏం అదృష్టమో నాకు అర్థం కాలేదు. గుండు మీద కుట్లు. లైటు వేస్తే కళ్ళలో సూదులు. కుక్కరు విజిలేస్తే ఏడుపు. వాకిలిదాకా నడిస్తే పొలం దున్నినట్టు ఆయాసం. మాటలు నోటిదాకా వచ్చి వెనక్కి పోయేవి. జల్లెడ అనే మాట దొరక్క "అదేనయ్యా, బొక్కలది" అంటే మా ఆయన నవ్వాడు. చేతిలో ఉన్న స్టీలు గ్లాసు ఆయన మీదికి విసిరాను. మళ్ళీ నేనే కూర్చుని ఏడ్చాను.

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు నిదానంగానే చెప్పాడు. "చిన్న చిన్న తలనొప్పులు కొన్నాళ్ళు వస్తూనే ఉంటాయమ్మా, భయపడొద్దు. కానీ మొదటిసారి వచ్చినట్టు వస్తే మాత్రం క్షణం ఆగొద్దు. తేడా మీకే తెలుస్తుంది."

నాకే తెలుస్తుందట! మొదటిసారి నాకేం తెలిసిందని?

కొంత కోలుకున్నాక మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడ్డాను. నూనెలో ఎండుమిర్చి, ఆవాలు వేసి, మంట వెలుగు కళ్ళకు పడక మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎప్పుడు దించాలో ముక్కు చెబుతుంది కదా అనుకున్నాను. మా ఆయన దగ్గుకుంటూ పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేశాడు.

"పోపు బొగ్గయింది గదనే! వాసన తెలుస్తలేదా?"

తెలియలేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకు ఆనించుకున్నాను. ఏమీ లేదు. బామ్, కిరోసిన్, అగరొత్తి, మా ఆయన చెమట బనీను, అన్నీ ఒకటే, ఏమీ లేదు. ముక్కు నరాలు దెబ్బతిన్నాయి, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. నిజం చెబుతున్నాను, దానికి నేను ఏడవలేదు. ఉప్పూ పులుపూ నాలుకకు తెలుస్తున్నాయి, పోపు ఆయన చూసుకుంటాడు అనుకున్నాను.

నా ప్రాణం తీసింది ఇంకొకటి. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చున్నాను. కణతల దగ్గర నొప్పి మొదలైంది. ఇది గాలిలోంచి వచ్చిందా, నా తలలోంచి వచ్చిందా? ఒకప్పుడైతే ఒక్కసారి గాలి పీలిస్తే తెలిసిపోయేది. కంపు ఉంటే కంపెనీ తలనొప్పి, లేకపోతే డాక్టరు చెప్పినది. ఇప్పుడు ఎంత పీల్చినా లోపలికి వట్టి చల్లదనమే పోతోంది. ఆపాని అడుగుదామంటే ఆమెకు కొల్లూరులో సర్కారు డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చి వెళ్ళిపోయింది. కిటికీలు చూసి తెలుసుకుందామంటే చలికాలం, దోమలు, అందరివీ ఎప్పుడూ మూసే ఉంటున్నాయి. లోపల రక్తం కారుతూ ఉంటే నేను బామ్ రాసుకుంటూ చచ్చిపోతానేమోనని భయం.

మా ఆయన్ని పిలిచాను. "ఏమయ్యా, వాసనొస్తున్నదా?"

ఆయన తల బయటపెట్టి పీల్చాడు. "వస్తున్నదే. ఘోరంగ వస్తున్నది."

హమ్మయ్య. ఆ మాటతోనే నొప్పి సగం దిగింది.

ఇక అదే అలవాటైంది. నొప్పి రావడం, నేను అడగడం, ఆయన వస్తున్నదనడం, నేను నిద్రపోవడం. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ కంపును తిట్టని రోజు లేదు. దాన్ని ఆపాలని రోడ్డు మీద ధర్నాలో కూర్చున్నదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడు అది రోజూ రావాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. థూ, ఇదీ ఒక బతుకేనా అనిపించేది.

తర్వాత ఒక వారం కూరలు మిగిలిపోయాయి. రోజూ సాంబారు కట్టించుకునే ఒడిశా కార్మికుడు ఆ వారం చివర్లో కనిపించాడు. మా వైపు కంపు కొట్టేది అతను పనిచేసే కంపెనీ నుంచే.

"ఏంది భయ్యా, మీరెవ్వరు రాకపోతిరి?"

"కంపెనీ బంద్ హై దీదీ. షట్‌డౌన్. సబ్ గావ్ గయే."

"మరి వాసన?"

"వాసన కహాఁ సే ఆయేగా? హఫ్తే సే హవా ఏక్‌దమ్ సాఫ్ హై!" వారం నుంచి గాలి శుభ్రంగా ఉందని మంచి కబురు చెప్పాననుకుని నవ్వాడు పాపం.

ఆ వారంలో దాదాపు రోజూ నాకు తల నొచ్చింది. రోజూ అడిగాను. రోజూ ఘోరంగా వస్తున్నదన్నాడు మా ఆయన.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. కోపానికో, భయానికో, మాడు మీద నొప్పి ఎక్కింది. ఆయన స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. గొంతు మామూలుగా ఉంచుకోవడానికి నా ప్రాణం పోయింది.

"తల నొస్తున్నది. వాసనొస్తున్నదా?"

కిటికీ దగ్గరకు పోయాడు. పీల్చినట్టు నటించాడు. "వస్తున్నదే. గోలీ ఏస్కో, పండుకో."

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

"ఏందే నువ్వు, పిచ్చి మాటలు..."

"పెట్టి చెప్పు!"

ఇంత ఇంత మొలిచిన జుట్టు మధ్య ఆ కుట్ల గీత కనిపిస్తూనే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి అబద్ధం ఆడితే ఏమవుతుందో మా ఇళ్ళల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన చెయ్యి పైకి లేచింది. నా తల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. వెనక్కి తీసుకున్నాడు.

"రాలే," అన్నాడు.

"ఈ వారమంత?"

"రాలే. లేదంటే నువ్వు పరేషాన్ అయితవు. నీ మొహం గట్ల పాలిపోతే నేను సూడలేనే. ఏం జెయ్యమంటవ్?"

"మరి మొదలు నాకు తల పగిలినప్పుడు? గప్పుడు వచ్చిందా?"

ఆ తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"గప్పుడు పీల్చి సూడలే," అన్నాడు. "ఊకెనే అన్న."

ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టే ఓపిక లేదు. పైగా నాకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. అప్పుడు నా ముక్కు నిక్షేపంగా ఉంది. దానికి తెలిసింది చింతపండు పులుసు వాసన ఒక్కటే.

మాడు మీద నొప్పి అలాగే ఉంది. ఆయన బండి తాళం తీసుకున్నాడు. దారి పొడుగునా ఆయన నడుం పట్టుకుని కూర్చున్నాను, ఎంత గట్టిగానంటే మర్నాడు ఆయనకు గోళ్ళ గుర్తులు కనిపించాయి. స్కానింగులో ఏమీ లేదన్నారు. ఊరికే వచ్చిన నొప్పేనట. ప్రతిసారీ ఇలా పరిగెత్తుకు రానక్కర్లేదట. మరి ఏ సారి రావాలి డాక్టరు గారూ అంటే, ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు, తేడా మీకే తెలుస్తుందమ్మా అని.

ముక్కు ఇంకా రాలేదు. ఇప్పుడు నొప్పి వస్తే నేను నోటితో అడగను. పోయి ఆయన ముందు తల వంచి నిలబడతాను. ఆయన కిటికీ తెరిచి నిజంగానే పీలుస్తాడు. వాసన ఉంటే చెయ్యి వెంటనే నా తల మీదికి వస్తుంది. రావడం కాస్త ఆలస్యమైందంటే దవాఖానకు పోవడానికి నేను చెప్పులు వేసుకుంటాను.