కోతల మామ బొక్కెన సీను

ఆ రోజుల్లో సంవత్సరానికి మంచి సినిమా ఏదో తేల్చడం మా జమ్మలమడుగులో పత్రికల పని కాదు, ఉగాది సాయంత్రం కాఫీ హోటలు అరుగు మీద జరిగే పని. పొద్దున గుళ్లో పంచాంగం విని, రాబోయే ఏడు వానలెన్ని, ఎవరికి ఆదాయమెంత అని తెలుసుకున్న జనమే, సాయంత్రం ఆ అరుగు మీద చేరి, పోయిన ఏడు ఏ సినిమా మేలని తగువులాడేవాళ్లు. సంవత్సరమంటే మాకు ఉగాది నుంచి ఉగాదికే. మద్రాసులో ఎప్పుడు విడుదలైందో మాకు అక్కర్లేదు, మా ఊరి డేరా సినిమాలోకి ఎప్పుడొచ్చిందన్నదే లెక్క. ప్రొద్దుటూరులో ఆడి, పాతబడి, గీతలు పడి, వాన కురుస్తున్నట్లు కనిపించే ప్రింటు మా ఊరికి చేరేది (మా ఊళ్లో వాన నిండుగా కురిసేది ఆ తెర మీదే). అందుకే విళంబి నామ సంవత్సరం వచ్చినప్పుడు హోటలు స్వామి, "సినిమాల వరకు మనకు ప్రతి సంవత్సరమూ విళంబే గదప్పా" అన్నాడు.

ఆ తీర్పులో నా ఓటు చెల్లేది కాదు. కారణం నా ఉద్యోగం. అప్పుడే మీసం వస్తున్న వయసులో నేను డేరా సినిమాలో పగలు ప్రచారం, సాయంత్రం గేటు చూసేవాణ్ణి. జట్కా బండిలో కూర్చుని, రేకు గొట్టం నోటికి పెట్టుకుని, రంగు కాగితాలు ఎగరేస్తూ, వచ్చిన ప్రతి సినిమానూ "ఈ సంవత్సరపు మేటి చిత్రం, ఈ దశాబ్దపు మేటి చిత్రం" అని వీధి వీధినా అరిచేవాణ్ణి. "నీకు వారానికొగటి మేటిదైతే మేం దేన్ని నమ్మాలప్పా? నువ్వు పక్కన కూచో" అనేవాడు స్వామి. నేను పక్కన కూర్చునేవాణ్ణి. అలా పక్కన కూర్చోవడం అలవాటైనందువల్లే కాబోలు, ఒక మంచి మనిషి పరువు పోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు అంత సులువైంది.

ఆ మనిషి మా చిన్నమామ, మా అమ్మకు తమ్ముడు. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో చీరలు విప్పి చూపే పని ఆయనది. ఆయన విప్పితే, ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు కూడా కొంగు పట్టుకుని కూర్చుండిపోయేవాళ్లు. అంగడి సెలవు రోజున జమ్మలమడుగు వచ్చి, ప్రొద్దుటూరులో తాను ముందే చూసిన సినిమాలను మాకు చెప్పేవాడు. సినిమా చెప్పడంలోనూ అంతే, మడత మడతగా విప్పేవాడు. ఆ విళంబి చివర్లో ఒక సినిమా వచ్చింది. దాని అసలు పేరు చెప్పను. మా ఊళ్లో సినిమాలను అసలు పేర్లతో పిలిచే అలవాటూ లేదు. పాము సినిమా, గుడ్డక్క సినిమా, ఇద్దరు పెండ్లాల సినిమా, ఇట్లా ఉండేవి. దీన్ని మా ఊరు జైలు సినిమా అనేది. చిన్నమామ ఒక్కడే బొక్కెన సినిమా అనేవాడు. ఆ తేడాకు కారణం నేను.

మా డేరా ఆపరేటరును అందరూ కార్బన్ సాయిబు అనేవాళ్లు. ప్రొజెక్టరు దీపంలో కాల్చే కార్బన్ పుల్లల మసి ఆయన వేళ్లను ఎన్నడూ వదిలేది కాదు. ఆ సినిమా మొదటి రోజు, మొదటి ఆటకు జనం లోపలికి పోయి గేటు దగ్గర పని తీరాక, నేను కబుర్లకని మిషను గదిలోకి పోయాను. "జర చూస్తా ఉండు, ఛాయ్ తాగొస్తా. ఏదీ ముట్టుకోవద్దు" అని సాయిబు బయటికి పోయాడు. నేను ఏమీ ముట్టుకోలేదు. ఫిల్మే ఇరుక్కుంది. కదలని ఫిల్ము దీపం వేడికి కాలుతుంది కదా, తెర మీద గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టి దోసెలాగా పరుచుకుంది. జనం ఈలలు వేశారు. నేను దీపం ఆర్పాల్సింది పోయి ఫిల్మును పట్టుకుని లాగాను. అది తెగి, చుట్టలు చుట్టలుగా కిందపడి నా కాళ్లకు చుట్టుకుంది. విడిపించుకుందామని తొక్కినకొద్దీ దాని అంచు చిల్లులు చిరిగాయి. నిజానికి కాలింది జానెడే. నేను భయంతో కాళ్లకు చుట్టుకున్నదంతా కత్తెరతో కోసేసి, చొక్కా లోపల దోపుకున్నాను. సాయిబు పరుగున వచ్చి కొసలు రెండూ అతికించాడు.

"ఎంత కోసినావ్‌రా?"

"జానెడు భాయ్."

ఆయన నా చొక్కా వైపు చూడలేదు. ఆ చుట్టను జనరేటరు వెనక ఇసుకలో పూడ్చాను. అందులో ఏముందో వెలుగుకు పట్టి కూడా చూడలేదు. జనంలో ఒక్కరూ అడగలేదు. మా డేరాలో సినిమా తెగడం మామూలే. తెగిన చోట కథ ఒక గంతు వేస్తే, వాళ్లూ దానితో పాటు గంతు వేసేవాళ్లు.

ఉగాది వచ్చింది. అరుగు మీద మొగ్గు పాము సినిమా వైపు కనబడుతుండగా చిన్నమామ లేచాడు.

"ఈ సంవత్సరానికే కాదు, ఈ పదేండ్లకూ ఒగటే సినిమా. బొక్కెన సినిమా."

"బొక్కెన ఏందప్పా?"

"అదే, మీరు జైలు సినిమా అంటాండారే, అది. ఆ యమ్మ బావికాడ నీళ్లు చేదుతా ఉంటాది. మొగుడు జైలు నుంచి వచ్చినాడని ఎవరో చెప్తారు. ఆ యమ్మ ఏడవదు, నవ్వదు, ఎనక్కి తిరగదు. చేతిలో చేంతాడు ఇడిసిపెడతాది. బొక్కెన పోయి బావిలో పడతాది. పాట లేదు, మాట లేదు. నీళ్లు అల్లాడి అల్లాడి, మళ్ల కుదురుకుని, ఆమె మొగం ఆమెకు కనపడేదాక బావిలోకే చూస్తా ఉంటాది. అప్పుడు తిరుగుతాది. అంతే. నేను ఆ పొద్దు అన్నం తినలేదు."

అరుగు మీద ఒకాయన అన్నాడు: "మేమంతా చూసినాం గదా. మొగుడు వాకిట్లోకి వస్తాడు, మరు నిమిషం అన్నం తింటా ఉంటాడు. నడాన బావి యాడిది?"

"రెండు కండ్లతో చూసినానప్పా."

"అంగట్లో లేని జరీ చూపించి చూపించి, ఈడ లేని సీను చూపిస్తాండావు. కోతలు కొయ్యొద్దు మామా."

అందరూ నవ్వారు. ఇసుకలో నేను పూడ్చింది ఏమిటో నాకప్పుడు తెలిసింది. చిన్నమామ నా వైపు తిరిగాడు.

"ఒరే అల్లుడూ, డేరాలో ఉండేవానివి నువ్వు చెప్పు."

"నేను గేటుకాడ ఉంటా మామా. సినిమా యాడ చూస్తా?" అన్నాను. (ఇది నిజమే. అబద్ధం కూడా అంత చెరుపు చేసి ఉండదు.) ఆ సాయంత్రానికే ఆయన కోతల మామ అయ్యాడు. కోత కోసింది నేను, పేరు ఆయనకు.

పేరు ఒక్కటే అయితే నాలుగు రోజులకు మరిచిపోయేవాళ్లేమో. కానీ అప్పుడే ఆయనకు పులివెందులలో సంబంధం చూస్తున్నారు. పిల్లను ఆయన ఒక పెండ్లిలో దూరం నుంచి చూసి, "చేసుకుంటే ఆ పిల్లనే" అని మా అవ్వకు చెప్పి ఉన్నాడు. పిల్ల తండ్రి పిల్లవాణ్ణి గురించి విచారించుకోవడానికి జమ్మలమడుగు వచ్చి, దారిలో హోటల్లో కాఫీ తాగుతూ అడిగితే, "ఎవరు, కోతల మామనా?" అని, బొక్కెన సంగతంతా చెప్పారట. ఆయన నేరుగా మా ఇంటికి వచ్చి, అంగడి సెలవుకు వచ్చి ఉన్న చిన్నమామ ముందే, మంచం మీద కూడా కూర్చోకుండా చెప్పాడు.

"ఉన్నోడా లేనోడా అని నాకు పనిల్యా. లేంది ఉందని చెప్పేవానికి పిల్లనియ్యను."

"ఉంది" అన్నాడు చిన్నమామ.

"అట్నా? సరే. వచ్చే వారం ఆ సినిమా మా వూరికొస్తాంది. వచ్చి చూపీ. ఉంటే తాంబూలాలు. లేకుంటే మీ వూరికి బస్సు ఉండాది."

చిన్నమామ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆయనకు తెలియనిది నాకు తెలుసు. మా డేరాలో ఆడిన ఫిల్ము పెట్టే ఆ పక్క ఊళ్లు తిరిగి పులివెందులకు పోతుంది. నేను కోసింది అక్కడా కోసినట్టే.

బస్సులో చిన్నమామ, సాక్షిగా హోటలు స్వామి, తోడుగా నేను. ముద్దనూరులో బస్సు ఆగినప్పుడు చిన్నమామ నాకు బొరుగుల పొట్లం కొనిపెట్టాడు. "మొగం అట్ల పెట్టినావేందిరా? పెండ్లి నాకా నీకా?" అన్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు అనుకుని, "మామా, ఆ సీను లేకుంటే..." అన్నాను. "ఉంటాదిలేరా. నేను చూసినా గదా, లేకుండా యాడికి పోతాది?" అన్నాడాయన. నిజం చెప్తే ఉద్యోగం పోతుందని ఒక భయం, సాయిబుకు మాట వస్తుందని ఒక సాకు. మిగిలిన దారంతా బొరుగులు నములుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనాలయ్యాక చిన్నమామ ఆ సీనును పెద్దాయనకు మొదటి నుంచి విప్పి చెప్పాడు. లోపలి తలుపు వెనక గాజుల చప్పుడు ఒకసారి వినబడి ఆగిపోయింది. సాయంత్రం ఇంటిల్లిపాదీ, చుట్టుపక్కల ఇండ్లవాళ్లూ సినిమాకు కదిలారు (సంగతి వీధంతా తెలిసిపోయింది, ఆ రోజు హాలు నిండడానికి నాలాంటి ప్రచారకుడు అక్కర్లేకపోయింది). మగవాళ్లు ఒక పక్క, మొలెత్తు గోడకు అవతల ఆడవాళ్లు. ఆ చోటు దగ్గర పడేకొద్దీ నేను తెర చూడలేక చిన్నమామ ముఖం చూస్తూ కూర్చున్నాను. తెర మీద వెలుగు ఆయన ముఖం మీద ఆడుతోంది. మొగుడు వాకిట్లోకి వచ్చాడు. తెర ఒకసారి ఎగిరింది. మొగుడు అన్నం తింటున్నాడు.

"బొక్కెన యాడప్పా?" అని ముందు వరసలో ఎవరో అన్నారు. హాలంతా నవ్వు. చిన్నమామ నవ్వలేదు, కోప్పడలేదు. ఆ సీను ఇంకెక్కడైనా వస్తుందేమో అన్నట్లు ఆఖరు దాకా కన్నార్పకుండా చూశాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బయట రోడ్డు మీద పెద్దాయన మెల్లగానే అన్నాడు. "తప్పుగా అనుకోవద్దు నాయనా. నువ్వు మంచోడివే. కానీ చీరకు చెప్పే మాటలు సంసారానికి పనికిరావు."

స్వామి బస్సు వేళ అడుగుతున్నాడు. అప్పుడు వెనక నుంచి ఒక మాట వచ్చింది.

"నాయనా, ఆ సీను ఉంది."

మాట్లాడింది పిల్ల. వాళ్లమ్మ పక్కన నిలబడి, నేల చూస్తూ చెప్పింది. "ప్రొద్దుటూరులో అక్కోళ్లింటికి పోయినప్పుడు చూసినా. ఆ యమ్మ చేంతాడు ఇడుస్తానే గిలక కిర్రుమంటాది. తాడు జరజరా పోతాది. ఈడ కోసినట్టుండారు."

పెద్దాయన కూతుర్ని చూశాడు, చిన్నమామను చూశాడు. చిన్నమామ ఆమెను చూస్తూ, "అవు, గిలక," అన్నాడు. "గిలక చెప్పడం మరిచినా."

పెండ్లి జరిగింది. జమ్మలమడుగు మాత్రం నమ్మలేదు. పెండ్లాం మొగుణ్ణి వెనకేసుకు రాకుండా ఉంటుందా అన్నారు. కోతల మామ కోతల మామగానే ఉండిపోయాడు. ఇప్పుడు మనవలు కూడా వెనక అట్లాగే పిలుస్తారు. నేను ఆ డేరా మానేసి, వేరే ఉద్యోగం చేసి, పిల్లల పెండ్లిళ్లు చేసేంత పెద్దవాణ్ణయ్యాను గానీ, జానెడు అన్న మాటను మాత్రం సరిదిద్దలేదు.

మొన్నామధ్య ప్రొద్దుటూరులో ఆ పాత సినిమాను ఉదయం ఆటగా వేశారు. చిన్నమామ నన్ను పిలిపించాడు. ఆయన, అత్త, నేను పోయి కూర్చున్నాం. మొగుడు వాకిట్లోకి వచ్చాడు, తెర ఎగరలేదు, బావి వచ్చింది. ఆమె తాడు విడిచింది. నీళ్లు అల్లాడి కుదురుకున్నాయి. మామ చెప్పినదాంట్లో ఒక్క మడత కూడా ఎక్కువ లేదు. చీకట్లో ఆయన నా మోకాలి మీద కొట్టి, "చూస్తివా అల్లుడూ" అన్నాడు. కాసేపాగి, కొంచెం దిగులుగా అన్నాడు: "కానీ గిలక కోసినారు. ఈ ఆపరేటర్లు ఏదీ పూర్తిగా చూపరు."

ఆ బావికి గిలకే లేదు. ఆమె గట్టు మీద నిలబడి ఉత్త చేతులతో చేదుతుంది. నేను అత్త వైపు చూశాను. అత్త తెర వైపు చూస్తోంది.

బయటికొచ్చాక మామ సోడా కోసం పోయినప్పుడు అత్తే చెప్పింది. "నేను ఆ పొద్దు దాకా ఏ సినిమా చూడలేదు నాయనా. ప్రొద్దుటూరులో నాకు సొంతక్క లేదు, పెద్దమ్మ కూతురు ఒగతి ఉన్యా, వాళ్లింటికి ఎప్పుడూ పోలా. అది మా నాయనకూ తెలుసు, నా మనసు తెలిసి ఊరుకున్యాడు. మీ మామ మధ్యాన్నం చెప్తాంటే తలుపెనక నుంచి ఇన్యా. ఇంటాంటే చూసినట్టే ఉండె. గిలక మా ఇంటి బావిది."

ఆమె అంత చెప్పాక నేను దాచడానికేముంది? కత్తెర, చొక్కా, ఇసుక, అన్నీ చెప్పాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "నువ్వు ఉండేదాన్ని లేకుండా చేస్తివి, నేను లేందాన్ని ఉందంటి. ఉండేది ఉన్నట్టు చెప్పిన మనిషికి కోతలోడని పేరు" అంది. నవ్వు ఆగాక, "ఆయప్పకు చెప్పు. నాది కాదు, నీది" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. జమ్మలమడుగు అరుగు మీద ఆనాడు కూర్చున్నవాళ్లలో మిగిలిన వాళ్లు చదువుకోవాలి: ఆ సీను ఉంది. ఆ పేరు నాకు రావలసింది. ఇక ఆనాడు చెల్లని నా ఓటు ఇప్పుడు చెల్లితే, విళంబికీ ఆ పదేండ్లకూ కలిపి బొక్కెన సినిమాకే వేస్తాను. రేకు గొట్టంతో ఎన్ని సినిమాలను మేటివని అరిచానో లెక్క లేదు, మనసులో అనుకుని చెప్పడం ఇదే మొదలు.

చిన్నమామకు ఇప్పుడు చత్వారం, చిన్న అక్షరాలు కనబడవు. ఏ పత్రిక వచ్చినా అత్తే చదివి వినిపిస్తుంది. నేను ఫిల్ము కోసిన భాగం ఒక్క మాట వదలకుండా చదవమని ఆమెకు చెప్పాను. ఆయన ఏమంటాడో అని ఈ వయసులోనూ నాకు భయంగానే ఉంది, గేటు దగ్గరి కుర్రవాడికి ఉన్నట్లే. గిలక సంగతికి వచ్చేసరికి మాత్రం ఎక్కడ కోయాలో ఆమెకు తెలుసు. నాకంటే శుభ్రంగా అతికిస్తుంది కూడా.