గడ్డం కొమ్ముల ఏనుగు

ఇన్నేళ్ళుగా నేనొక ఏనుగును మోస్తున్నాను. నవ్వకండి. బెత్తెడు ఏనుగు, అరచేతిలో పట్టేది. దాని సంగతి మా ఆయనకు చెప్పలేదు. కడుపున పుట్టిన పిల్లలకు చెప్పలేదు. తిరుత్తణి కొండెక్కి స్వామి ముందు నిలబడినప్పుడు కూడా ఆ ఒక్కటీ పక్కన పెట్టి మిగతావే చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బైలు ముగుస్తున్న రోజులు. తిరువళ్ళూరులో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన మద్రాసు హార్బరు దగ్గర ఓడ సరుకులు విడిపించే ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తా. మాట తక్కువ మనిషి. ఆయనకు ఒకటే పిచ్చి, ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగుల బొమ్మలు. ఒళ్ళంతా బొచ్చున్న మామత్, నాలుగు కొమ్ములున్నది, కింది దవడ పారలాగా ముందుకు సాగినది. ఓడల మీద వచ్చేవాళ్ళ చేత తెప్పించుకునేవారు, మద్రాసులో పాత సామాన్ల అంగళ్ళు గాలించేవారు. పిల్లలాడుకునే బొమ్మయితే అక్కరలేదు. చర్మం ముడతలు, కాలిగోళ్ళు, కొమ్ము వంపు, అన్నీ నిజం ఏనుగుకు ఉన్నట్టే ఉండాలి. అన్నీ ఒకే కొలతకు కుదించినవై ఉండాలి. అదే కొలతలో ఉన్న చిన్న మనిషి బొమ్మను పక్కన నిలబెట్టి చూసేవారు. లెక్క కుదరకపోతే ఆ ఏనుగు మళ్ళీ అంగడికే. కుదిరినవి ముందుగదిలోని అద్దాల బీరువాలోకి. నేను వాటిని ముట్టుకోకూడదు.

ఆ పిచ్చి ఉన్నవాడు ఇంకొకడు దొరికాడు ఆయనకు. దేవదానం. తిరుత్తణిలో ఇల్లు, ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, క్రైస్తవుడు. పాత సామాన్ల అంగట్లో ఒకే మామత్ మీద ఇద్దరూ చెయ్యి వేశారట, అలా కలిసింది స్నేహం. ఆదివారం చర్చి ముగించుకుని రైలెక్కి వచ్చేవాడు. వారమంతా నాతో పది మాటలు మాట్లాడని మా ఆయన ఆ పూట నోరు మూసేవారు కాదు. నాకు ఒళ్ళు మండేది. నిజం చెప్పాలంటే ఏనుగుల మీద కాదు, అతని మీద.

అతను ఆయనను అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. ఆ పిలుపు నాకు గుచ్చుకునేది. వీధిలోవాళ్ళు ఏమనుకుంటారో అని భయం. అతనికి కాఫీ ఇచ్చే గ్లాసు వేరుగా పెట్టాను, దొడ్లో గిలక బావి పక్కన. మా ఆయనకు తెలీదు. అతనికీ తెలీదనుకున్నాను.

ఆ ఏడు దసరాకు మా ఆయన ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్ళారు. నేను ఏడో నెల గర్భిణిని. పక్కింటివాళ్ళను చూసి నేనూ బొమ్మల కొలువు పెట్టాను. మెట్లయితే కట్టాను గానీ బొమ్మలు చాలలేదు. మధ్యలో వచ్చిన ఆదివారం, ఆయన ఊళ్ళో లేరని తెలియక, దేవదానం వచ్చాడు. బీరువా ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, అద్దంలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

అతను అంతసేపు చూసినదేమిటా అని మర్నాడు నేను బీరువా తెరిచాను. అతను చూపు నిలిపిన చోట ఉన్నది డైనోథీరియం. మా ఆయన పెట్టిన పేరు కాదు, దాని పేరే అది. పై కొమ్ములు లేవు, గడ్డంలోంచి రెండు కొమ్ములు కిందికి వంగి ఉంటాయి. గడ్డం కొమ్ముల ఏనుగు అని నేను నవ్వుకునేదాన్ని. ప్లాస్టరుతో పోసింది, అటువంటిది ఇంకొకటి దొరకదని ఆయన అనేవారు. దాన్ని తీసి కొలువులో కింది మెట్టు మీద పెట్టాను. పేరంటానికి వచ్చినవాళ్ళు ఇదేం ఏనుగమ్మా అని బుగ్గలు నొక్కుకున్నారు. నాకెంత గొప్పగా అనిపించిందో! రోజూ హారతి ఇచ్చాను, దానికీ కలిపి.

విజయదశమి సాయంత్రం కొలువు ముగిసిందన్న గుర్తుగా ఏదో ఒక బొమ్మను పడుకోబెట్టాలి కదా. చేతికి అందింది అదే. పక్కకు వాల్చాను. నిలబడడానికి చేసిన ఏనుగు అది, పడుకోవడానికి కాదు. ఆ సంగతి నాకు తట్టలేదు. ఒరగగానే టక్ మని గడ్డం దగ్గర రెండు కొమ్ములూ ఊడిపోయాయి.

అతికించి ఉండొచ్చు కదా అంటారు మీరు. నేనూ ఎన్నోసార్లు నన్నే అడిగాను. కానీ అది అప్పటికి బొమ్మ కాదు, హారతి అందుకున్నది. భిన్నమైనది ఇంట్లో ఉండకూడదు, కడుపులో బిడ్డ ఉన్నప్పుడు అసలు ఉండకూడదు, నీళ్ళలో కలపాలి. నాకు తెలిసిన శాస్త్రం అదే. మర్నాడు బస్సెక్కి తామరైపాక్కంలో మా పుట్టింటికి పోయి, ఆనకట్ట దగ్గర కొసస్తలై ఏట్లో వదిలేశాను. పసుపు గుడ్డలో చుట్టి, దణ్ణం పెట్టి మరీ.

అంతవరకు నాది పొరపాటు. తప్పు ఆ తరువాతది.

మా ఆయన వచ్చి బీరువా చూసుకున్నారు. ఎవరొచ్చారు అన్నారు. ఆదివారం దేవదానం వచ్చాడు, ఆ బొమ్మనే చూస్తూ నిలబడ్డాడు అన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు అందులో. నేనెంత తెలివైనదాన్నో చూడండి. పక్కింటావిడ పేరు చెప్పి ఉంటే ఆయన నమ్మేవారా? నమ్మేవారు కాదు. ఎవరి పేరు చెబితే చెల్లుతుందో నాకు తెలుసు. ఎందుకు చెల్లుతుందో కూడా తెలుసు. భయంతో అన్నానా, ఆదివారాలు నాకు మిగలాలని అన్నానా? భయమనే చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సర్దుబాటు కూడా చేతకావడం లేదు.

తరువాతి ఆదివారం అతను వచ్చాడు. నేను కాఫీ ఇచ్చాను. మా ఆయన కూర్చోమనలేదు.

"దేవదానం, డైనోథీరియం యాడ?"

"బీరువాలోనే కదన్నా ఉండేది?"

"లేదు. నేను ఊర్లో లేనప్పుడు నువ్వు వచ్చినావంట."

అతను నా వైపు తిరిగాడు. "వచ్చినాను. వదినా, నువ్వు ఈడనే ఉన్నావు గదా. నేను బీరువా ముట్టుకున్నానా?"

"తరువాత నేను వంటింట్లో ఉన్నాను. నేను చూడలేదు."

"సరేమ్మా" అన్నాడు.

అంతవరకు వదినను. ఆ ఒక్క మాటతో పరాయి అమ్మనైపోయాను. గ్లాసు తీసుకుని దొడ్లోకి నడిచాడు, తనే కడిగాడు, బావి పక్కన దాని చోట బోర్లించాడు. అన్నాళ్ళూ అతనికి తెలుసన్నమాట. తెలిసే నన్ను వదినా అన్నాడు. చెప్పులేసుకుని స్టేషను వైపు వెళ్ళిపోయాడు.

కొన్ని నెలలకు ఎవరో రైలు స్నేహితుడి చేత ఒక గుడ్డసంచి పంపించాడు. అందులో తన ఏనుగులన్నీ ఉన్నాయి, ఒక్కొక్కటీ పాత బనీను ముక్కల్లో చుట్టి. దొంగ అనిపించుకున్నాక వాటిని చూడలేకపోయాడని నాకు అర్థమైంది. మా ఆయనకు వేరేలా అర్థమైంది. "తప్పు చేసినాడు కాబట్టే పంపినాడు" అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఒడిలో పసిబిడ్డ ఉంది. పాలిస్తూ కూర్చున్నాను.

ఆయన ఇంకే ఏనుగునూ కొనలేదు. ఆదివారాలు నాకు మిగిలాయి. గోడకేసి చూస్తూ కూర్చునే మనిషి మిగిలాడు. మొన్నామధ్య కాలం చేసేదాకా ఆయన ఇంకొకరిని స్నేహితుడని పిలవలేదు. ఆయనను కూడా నేనే దోచుకున్నాను, కాదా?

ఒక సంగతి దాచకూడదు. నా పిల్లలు అరవం చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం చదవలేరు. ఇది తెలుగులో రాయడానికి అదే కారణమా? అవును. వాళ్ళ ముఖాలు చూసే ధైర్యం నాకింకా లేదు. కానీ ఇంకొక కారణం కూడా ఉంది, రాస్తూ రాస్తూ ఉంటే తెలిసింది. దేవదానం ఉన్నాడు. తిరుత్తణిలోనే, ఆ ఇంట్లోనే. రోజూ పొద్దున తెలుగు బైబిలు చదివే మనిషి. ఈ కాగితం అతని కంట పడితే చదవగలడు. పడుతుందో లేదో. పడినా నన్ను క్షమించాలని లేదు, అడిగే ముఖమూ లేదు.

ఆనాడు అతను అడిగినదానికి జవాబు మాత్రం బాకీ ఉంది. ఆ పొద్దు నేను వంటింట్లో లేను. గడప దగ్గరే నిలబడి ఉన్నాను. చూసినాను. నువ్వు బీరువా ముట్టుకోలేదు.