ఇంటి ముందు అమ్మ

బ్రెమెన్‌లో మా పై అంతస్తులో ఉండే పెద్దాయనది కిరిబాటి దేశం. జర్మన్ ఓడల్లో పనిచేసి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడి, ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ పోయాక ఒంటరివాడయ్యాడు. ఏదైనా చిన్న ద్వీపదేశం గురించి తెలుసుకుని రమ్మని స్కూల్లో మా అమ్మాయికి చెబితే, మనిషే ఉండగా ఇంటర్నెట్ ఎందుకని దాన్ని పైకి తీసుకెళ్ళాను.

"తాతగారిని అడగవే," అన్నాను.

"అడుగుతున్నాగా," అంది జర్మన్‌లో. ఆయనతో మా మాటలూ జర్మన్‌లోనే, నావి మాత్రం కాస్త కుంటుతూ.

పసిఫిక్ సముద్రం మధ్య చెల్లాచెదురుగా పడ్డ దీవులట. కొండ లేదు, నది లేదు. నేల ఎంత సన్నమంటే ఇంటి ముందు సముద్రం, వెనక ఉప్పుమడుగు. తిండి చేప, కొబ్బరి, సీమపనస. పొద్దునా సాయంత్రం కొబ్బరిచెట్టెక్కి కల్లు గీస్తూ గొంతెత్తి పాడతారట. మాది కోనసీమ. కొబ్బరి పేరెత్తితే ఊరుకుంటానా, నేనూ నాలుగు కోతలు కోశాను.

"చచ్చిపోయినవాళ్ళని ఏం చేస్తారు?" అని అడిగింది మా అమ్మాయి. దానికెప్పుడూ ఇలాంటివే కావాలి.

"ఇంటి ముందే పాతిపెడతాం. సాయంత్రాలు పక్కనే చాపేసుకుని కూర్చుంటాం. మా అమ్మ అక్కడే ఉంది," అన్నాడు. ఉంది అనే అన్నాడు.

తర్వాత ఫోన్ నా ముందుకు జరిపాడు. తమ్ముడు పంపిన వీడియో. పోటునీళ్ళు వాళ్ళమ్మ సమాధి అంచును కొరికేస్తున్నాయి. తవ్వి మరోచోటికి మార్చాలా, వదిలేయాలా? పెద్దకొడుకు కాబట్టి ఈయనే చెప్పాలి. చెప్పలేక రోజూ బాల్కనీలో నిలబడి వేజర్ నదిని చూస్తున్నాడు. సముద్రం ఎక్కడో ఉన్నా దాని పోటు ఈ నదిలోంచి బ్రెమెన్‌దాకా వస్తుంది.

నాకు నోరాగదు. "వదిలేయండి. మా నాన్న అస్థికల్ని మేమే అంతర్వేదిలో సముద్రంలో కలిపాం. కలిపాక వెనక్కి చూడకూడదు. మనసు తేలికపడుతుంది," అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను.

"మీరు తీసుకెళ్ళి ఇచ్చారు," అన్నాడు నెమ్మదిగా. "మా దగ్గర అదే వచ్చి తీసుకుపోతోంది."

నాకు భయమేసింది. నాన్నని వదిలిన నీళ్ళే తిరిగి తిరిగి ఈయన వాకిట్లోకి వెళ్ళాయా? అన్నాళ్ళూ నాన్న గురించి నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు ఏ ఇంటి గుమ్మం దగ్గర ఉన్నాడో అని బెంగ పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

ఆయన అప్పుడే తమ్ముడికి ఫోన్ చేశాడు. వాళ్ళ భాషలో రెండే మాటలు మాట్లాడి పెట్టేశాడు. "తవ్వమన్నాను. ఇంటి వెనక్కి, మడుగు వైపు మారుస్తారు," అన్నాడు.

నా నోటిదాకా వచ్చిన మాట ఒకటి ఎలాగో మింగేశాను. మా అమ్మాయి మింగలేదు.

"అటు కూడా నీళ్ళే కదా?"

"తెలుసు తల్లీ. వాడికీ తెలుసు. అమ్మని ఎత్తుకుని ఇంకెటు నడుస్తాడు?"